లెక్కలోకి రాని దేహాలు

బండి కింద మందుపాతర పేలితే లోపల కూర్చున్న మనిషికి ఏమవుతుంది? దీనికి ఇప్పుడు కంప్యూటర్‌లో జవాబు వెతుకుతున్నారు. బండి అడుగున 6, 8, 10 కిలోల టీఎన్‌టీ పేలినట్టు లెక్కగడతారు. సీట్లో హైబ్రిడ్-3 అనే బొమ్మను కూర్చోబెడతారు. నేల ఎగదన్నిన ఆ కొన్ని మిల్లీసెకన్లలో వెన్నుపూస ఎంత నలిగిందో, కాలి ఎముక మీద ఎంత బలం పడిందో చూస్తారు. మోకాలి కింది ఎముక మీద బలం 5.4 కిలోన్యూటన్లు దాటకూడదని నాటో దేశాల ప్రమాణం. మందుపాతరను తట్టుకునే బండ్లు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలోనూ తయారయ్యాయి.

ఈ శాస్త్రాన్ని మేము తప్పుపట్టం. ప్రాణం కాపాడే లెక్క మంచిదే. కానీ ఎవరి ప్రాణం?

ఆ బొమ్మ బరువు సుమారు 78 కిలోలు. అమెరికా సగటు మగవాడి కొలతలవి. పోడు చేసుకునే మన పిల్లవాడు అంత బరువుంటాడా? దెబ్బను మింగే సీటును బరువైన మనిషికి తగ్గట్టు చేస్తే, తేలిక మనిషికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

పోనీ, ఆ బండైనా మనవాళ్లకు దక్కిందా? బస్తర్ డీఆర్‌జీ దళాల్లో స్థానిక ఆదివాసీ యువకులే ఎక్కువ. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర 10 మంది జవాన్లూ డ్రైవరూ చనిపోయారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో 8 మంది జవాన్లూ డ్రైవరూ చనిపోయారు. రెండుసార్లూ వాళ్లు ఎక్కింది మామూలు బండే. కవచం ఉన్నా ప్రతిసారీ ఆగదు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర అలాంటి బండే పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయారు. పరీక్షలో కిలోలకు హద్దుంది, అడవి దారిలో పాతిపెట్టేవాడికి లేదు.

అసలు బండే ఎక్కని వాళ్ల మాటేమిటి? 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలంలో కట్టెల కోసం గుట్టెక్కిన మనిషి ప్రెషర్ బాంబుకు బలయ్యాడు. ఆయన కాలి మీద ఎంత బలం పడిందో ఎవరు లెక్కగట్టారు? బాంబు పాతినవాళ్లూ మన మేలు కోసమే అంటారు, జవాన్లను పంపినవాళ్లూ మన మేలు కోసమే అంటారు. పాడె మోసేది మాత్రం మన ఊళ్లే.

తోటి ఉపాధ్యాయులారా, బలం, పీడనం పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ కంప్యూటర్ల ముందు మీరూ కూర్చోవాలి. మన ఒళ్ల కొలతలను ఆ లెక్కలోకి మీరే ఎక్కించాలి. దానికంటే ముందు, మన దారుల్లో బాంబులెందుకు ఉన్నాయని రెండు పక్షాలనూ గట్టిగా అడగాలి.