పన్నుకి ఉద్యోగులం, పురిటికి పరాయివాళ్ళమా?

బ్రిటన్‌లో సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టులు చేస్తున్న తెలుగు ఆడపడుచులకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ!

ఒక బ్యాంకు ప్రాజెక్టులో టెస్టింగ్ చేస్తున్న మన అమ్మాయికి ఏడో నెల. కాంట్రాక్టు ఇన్‌సైడ్ ఐఆర్35, అంటే పన్ను లెక్కకి ఆమె ఉద్యోగే. ప్రతి ఇన్వాయిస్‌లోంచీ ఏజెన్సీ ముందు ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ కోసుకుంటుంది. పక్క కుర్చీలోని పర్మనెంట్ ఉద్యోగినికి ఎలా కోస్తారో ఈమెకీ అలాగే. మెటర్నిటీ పే సంగతేమిటని మెయిల్ పెడితే రెండు ముక్కల్లో జవాబొచ్చింది: మీరు మా ఉద్యోగి కాదు, మీ కంపెనీని అడగండి.

ఆ కంపెనీలో ఉన్నదెవరు? డైరెక్టరు ఆమే, ఉద్యోగి ఆమే, హెచ్ఆర్ ఆమే. మిడ్‌వైఫ్ ఇచ్చిన మ్యాట్ బీ1 సర్టిఫికెట్ తనకి తానే ఇచ్చుకోవాలి. డబ్బు ఎప్పటినుంచి కావాలో 28 రోజుల ముందే తనకి తానే నోటీసు పంపుకోవాలి. చివరికి ఆమెకి మిగిలిన దిక్కు ప్రభుత్వం నేరుగా ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్.

ఈ అలవెన్స్ దగ్గరే అసలు మోసం ఉంది. 2025-26 రేట్ల ప్రకారం వారానికి 1,000 పౌండ్లు సంపాదించే పర్మనెంట్ ఉద్యోగినికి మొదటి 6 వారాలూ జీతంలో 90 శాతం, అంటే వారానికి 900 చొప్పున 5,400 పౌండ్లు వస్తాయి. అంతే సంపాదించి అంతే పన్ను కట్టిన మన అమ్మాయికి మొదటి రోజు నుంచీ వారానికి 187.18 పౌండ్లే. 6 వారాలకు 1,123 పౌండ్లు. ఆ తర్వాత 33 వారాలూ ఇద్దరికీ ఒకటే రేటు. ఒళ్ళు ఇంకా కుదుటపడని బాలింతరోజుల్లోనే 4,277 పౌండ్లు తేడా! పుట్టింటికి పురిటికి వెళ్ళే వీల్లేని దేశం ఇది. అమ్మకి విజిట్ వీసా వస్తే అదే పండగ. ఆ వారాల్లోనే చేతిలో డబ్బు ఆడకుండా చేశారు.

ఇది పొరపాటున జరిగింది కాదు. 1999 మార్చి బడ్జెట్ రోజున రెవెన్యూ శాఖ ఇచ్చిన 35వ పత్రికా ప్రకటనలో ఈ ఐఆర్35 నిబంధన పుట్టింది. 2000 ఏప్రిల్లో అమలైంది. కంపెనీ ముసుగు తీసి చూడు, లోపలి మనిషి ఉద్యోగిలా పనిచేస్తుంటే ఉద్యోగి పన్నే వసూలు చెయ్యి అన్నదే దాని సారం. 2017 ఏప్రిల్లో ప్రభుత్వ రంగంలోనూ, 2021 ఏప్రిల్లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా సంస్థల్లోనూ ఇన్‌సైడా అవుట్‌సైడా తేల్చే పని క్లయింటుకే అప్పగించారు. ముసుగు తీసే పద్ధతికి ఇన్నిసార్లు పదును పెట్టినవాళ్ళకి, అదే మనిషి నెలలు నిండి ఎదురుగా నిలబడితే కనబడదట! అప్పుడు మాత్రం కంపెనీయే కనబడుతుంది. హక్కుల్లేని ఉద్యోగుల్ని తయారుచేస్తున్నారని 2020లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఉపసంఘమే తప్పుపట్టింది. ఆ నివేదిక వచ్చిన మరుసటి ఏడే ప్రైవేటు రంగానికీ తాడు బిగించారు.

ఏజెన్సీలకు భారమవుతుందని ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. స్టాట్యుటరీ మెటర్నిటీ పే యజమాని సొత్తు కాదు. పెద్ద సంస్థలకి 92 శాతం తిరిగొస్తుంది. చిన్నవాటికి 2025-26లో 108.5 శాతం తిరిగొచ్చింది, అంటే ఇచ్చినదానికంటే ఎక్కువే. ఖర్చు దాదాపు అంతా ఖజానాదే. ఏజెన్సీ చెయ్యాల్సింది పేరోల్‌లో ఒక గడి నింపడం. ఆ పాటి పనికి ఒళ్ళు వంగని వాళ్ళే 15 శాతానికి పెరిగిన ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్‌ని మాత్రం రేటు మాట్లాడేటప్పుడే మన నెత్తిన వేశారు.

కంపెనీ పెట్టుకోమని ఎవరన్నారు అంటారు. కంపెనీ ఉంటేనే తీసుకుంటామన్న క్లయింట్లే అన్నారు. డే రేటు ఎక్కువ కదా అంటారు. ఆ ఎక్కువ మీద పన్నూ ఎక్కువే కట్టాం. డివిడెండ్ల మాటెత్తుతారు. మనం మాట్లాడుతున్నది పూర్తి పన్ను కోసిన ఇన్‌సైడ్ ఆదాయం గురించి, అందులో డివిడెండ్ల ప్రసక్తే లేదు.

అవుట్‌సైడ్ కాంట్రాక్టుల్లో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మీ కంపెనీ పేరోల్ నుంచే మీకు మెటర్నిటీ పే వచ్చే దారి ఉంది. కానీ లెక్క డివిడెండ్ల మీద కాదు, జీతం మీద. అదీ ప్రసవానికి 15 వారాల ముందటి క్వాలిఫయింగ్ వారంతో ముగిసే 8 వారాల జీతం మీద. 2025-26లో ఆ జీతం సగటున వారానికి 125 పౌండ్లు తగలాల్సి ఉండేది. అకౌంటెంటు చెప్పాడని ఏడాదికోసారి జీతం తీసుకుంటే ఆ 8 వారాల్లో సున్నా కనబడొచ్చు. కడుపు పండకముందే నెల జీతానికి మారండి. డిపెండెంట్ వీసా మీదున్న చెల్లెళ్ళు ఇవి అడిగితే వీసా పోతుందని భయపడుతున్నారు. మెటర్నిటీ పే, మెటర్నిటీ అలవెన్స్ రెండూ వీసా షరతులు తీసుకోవద్దనే పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేవు. ధైర్యంగా అడగండి.

ఇప్పుడే ఎందుకు ఈ కరపత్రం? తల్లిదండ్రుల సెలవులు, వేతనాల మీద ప్రభుత్వం 2025 జులైలో 18 నెలల సమీక్ష మొదలుపెట్టింది. ఈ గడువు దాటితే మళ్ళీ ఎన్నాళ్ళో! మనం కోరేవి రెండే. కాంట్రాక్టు ఇన్‌సైడ్ అని తేల్చినప్పుడు, జీతంలోంచి పన్ను కోసేవాళ్ళే మెటర్నిటీ పే కూడా చెల్లించాలి. మెటర్నిటీ అలవెన్స్ తీసుకునేవాళ్ళకి కూడా మొదటి 6 వారాలు సంపాదనలో 90 శాతం ఇవ్వాలి.

హారోలో, స్లౌలో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో బతుకమ్మకీ దీపావళికీ మన సంఘాలు ఎంపీలను పిలిచి దీపం వెలిగించమంటాయి, శాలువా కప్పుతాయి, ఫొటోలు దిగుతాయి. ఈ దీపావళికి శాలువాతో పాటు ఈ రెండు కోరికలూ చేతిలో పెట్టండి. సంఘం పెద్దలు మొహమాటపడితే కాంట్రాక్టులు చేసే ఆడవాళ్ళే వేదికెక్కండి. మగవాళ్ళు వెనక నిలబడండి. మీ నియోజకవర్గం ఎంపీకి మీ పేరుతో, మీ పోస్ట్‌కోడ్‌తో విడిగా ఉత్తరం రాయండి. దాన్ని ట్రెజరీ మంత్రికి పంపి, రాతపూర్వకంగా జవాబు తెప్పించమని అడగండి. పరిశీలిస్తున్నాం అని ఒక్క ముక్క వస్తే, ఎప్పటికి తేలుస్తారని మళ్ళీ రాయండి.