140 పెద్దదా, 26 పెద్దదా?

హోసూరులో తయారయ్యే రెండు కరెంటు స్కూటర్ల సంగతి చూడండి. టీవీఎస్ ఐక్యూబ్ టార్క్ 140 న్యూటన్ మీటర్లని కంపెనీ లెక్క. ఏథర్ 450ఎక్స్‌ది 26 మాత్రమే. పక్కపక్కన చూసినవాడు మొదటిది ఐదింతలు లాగుతుందనే అనుకుంటాడు. తీరా 40 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఐక్యూబ్‌కు 4.2 సెకన్లు పడితే, ఏథర్‌కు 3.3 సెకన్లే! ఇవీ కంపెనీలు చెప్పినవే.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. కొలిచిన చోటు వేరు, అంతే.

టార్క్ అంటే తిప్పే బలం. మన డ్రైవర్లు 'పుల్లింగ్' అనేది దాదాపు దీన్నే. బిగుసుకున్న నట్టు ఊడకపోతే మెకానిక్ స్పానర్‌కు పైపు తొడుగుతాడు. చెయ్యి అదే, పిడి పొడుగైంది, నట్టు కదిలింది. మీటరు పొడుగు పిడి చివర 100 గ్రాముల బరువు వేలాడదీస్తే సుమారు ఒక న్యూటన్ మీటరు. బండిలో గేర్లు, బెల్టు చేసేదీ ఆ పైపు పనే. వేగం తగ్గించి బలం పెంచుతాయి. ఐక్యూబ్ మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది కాబట్టి మోటారు బలమే చక్రం బలం. ఏథర్ మోటారు చక్రానికి దూరంగా ఉంటుంది. అక్కడ పుట్టిన 26 చక్రం చేరేసరికి ఎన్నో రెట్లవుతుంది. ఒకరు చెరువు తూము దగ్గర, ఇంకొకరు మడి గట్టున నీళ్లు కొలిచి పోటీ పెట్టుకుంటే ఎలా?

పెట్రోలు బండ్లలో తిరకాసు ఇంకోటి. క్లాసిక్ 350 టార్క్ 27, కానీ 4,000 చుట్ల దగ్గరే అందుతుంది. డ్యూక్ 200కి 19 పైచిలుకే, అదీ 8,000 చుట్ల దగ్గర. హార్స్‌పవర్‌లో మాత్రం డ్యూక్‌దే పైచేయి... 25కి 20. ఖాళీ రోడ్డు మీద దూసుకెళ్లే కుర్రాడికి డ్యూక్ బాగుంటుంది. మూట కట్టుకుని, భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని కృష్ణగిరి నుంచి హోసూరుకు ఎక్కి వచ్చేవాడికి తక్కువ చుట్లలో లాగే బండే కావాలి. 2020లో ఆగిపోయిన స్విఫ్ట్ డీజిల్ కారును టాక్సీవాళ్లు ఇప్పటికీ తలచుకునేదీ అందుకే. దానికి 2,000 చుట్లకే 190 న్యూటన్ మీటర్లు!

లక్ష దాటిన బండి, మూడేళ్ల కంతులు. కొనేవాడికి ఈ మాత్రం చెప్పాలి కదా? ధర పలక మీద ఎక్స్ షోరూం ఎంత, ఆన్ రోడ్ ఎంత అని విడిగా రాస్తున్నారు. టార్క్‌నూ అలాగే మోటారు దగ్గర ఎంత, చక్రం దగ్గర ఎంత, ఎన్ని చుట్లకు అని రాస్తే కంపెనీలకు పోయేదేమీ లేదు. అంతవరకూ టెస్ట్ రైడ్‌కు ఒంటరిగా వెళ్లకుండా వెనక ఒకరిని ఎక్కించుకుని, దగ్గర్లోని మిట్ట మీద బండి ఆపి మళ్లీ కదిలించి చూడాలి. షోరూం ముందు చదును రోడ్డు మీద ఏ బండైనా బాగానే లాగుతుంది.