వంటింటి ముచ్చట్లు: పై నిప్పు, క్రింది నిప్పు

యీ నెల యేమి వ్రాయాలా అని ఆలోచించుకుంటూ ఆఫీసు నుంచి యింటికి వచ్చేసరికి వీధి గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది. ముందు గదిలో కూర్చున్న మా అత్తయ్యగారు నన్ను చూస్తూనే, "నేనేటీ ముట్టుకోలేదమ్మా, నీ కూతురే" అన్నారు. ఆ మాట నాకు మాడు వాసన కన్న యెక్కువగా గుచ్చుకున్నది. యెందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

మా అత్తయ్యగారికి డెబ్బై యెనిమిదేళ్ళు. పలాస ప్రక్క పల్లె నుంచి పదహారో యేట బరంపురం కాపురానికి వచ్చారు. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టవ్వు, గ్యాసు, అన్నీ ఆవిడ చేతి మీదుగా నడిచినవే. క్రిందటి యేడు వేసవిలో పాలు పొయ్యి మీద పెట్టి జపానికి కూర్చున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వదులుతూనే వున్నది. సమయానికి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి మావారు, "యిక అమ్మ పొయ్యి వెలిగించనక్కరలేదు" అన్నారు. అన్నది ఆయనే గాని, లైటరు తీసి బీరువాలో పెట్టినది నేను. అప్పటి నుంచీ ఆవిడ వంటింట్లోకి రావడమే తగ్గించారు. కూర తరగమంటే తరుగుతారు. వుప్పు సరిపోయిందా అత్తయ్యా అంటే, "మీకు సరిపోతే నాకూ సరిపోతుంది" అంటారు. అత్తగారితో కాపురం చేసిన సోదరీమణులకు ఆ జవాబు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

యిక మాడు వాసన సంగతి. దసరాకు ముందు పండుగ అడ్వాన్సు తీసుకుని, మా అమ్మాయి పోరు పడలేక ఎయిర్ ఫ్రైయరు కొన్నాను. వేయించే యంత్రమని పేరే గాని అది వేయించదు. 2010 లో ఫిలిప్సు వారు యీ పేరుతో మొదట బజారులోకి తెచ్చినప్పుడు నూనె తక్కువ అన్న మాట బాగా పనిచేసి వుంటుంది. నిజానికి అది చిన్న ఓవెను. పైకప్పులో కాలే తీగ చుట్ట, దాని మీద పంకా. ఆ పంకా వేడిగాలిని జోరుగా క్రిందికి తోస్తుంది, అంతే. నూనె తక్కువన్నారు గదా అని మొదటి రోజే గారెలు వేయబోయాను. పిండి బుట్ట చిల్లుల్లోంచి కారి అడుగున అట్టు కట్టింది. అప్పడం వేస్తే యెగిరి పైనున్న తీగకు కరుచుకున్నది. బరంపురంలో వుండి అప్పడం కాల్చడం చేతకాలేదంటే నవ్వరూ! ఆ తరువాత వంకాయ ముక్కలకూ చిలగడదుంపలకూ తప్ప దాని జోలికి పోలేదు.

మా అమ్మాయి ప్లస్ టూ చదువుతున్నది. స్నేహితురాలి పుట్టినరోజుకు బ్రౌనీలు చేసి తీసుకువెళతానన్నది. తెలియనివారికోసం చెబుతున్నాను. బ్రౌనీ అమెరికావారి పిండివంట. కేకులా పొంగదు, బర్ఫీలా గట్టిపడదు. పైన కాగితంలాంటి పొర, లోపల మెత్తగా, తడితడిగా, చాక్లెట్టు రుచితో వుంటుంది. బోస్టనులో వంటబడి నడిపిన ఫానీ ఫార్మరు గారి వంటల పుస్తకం 1906 ముద్రణలో చాక్లెట్టు బ్రౌనీ వున్నది. అంటే మన యిళ్ళకు యిప్పుడు వచ్చింది గాని, దానికి నూరేళ్ళు దాటినవి.

పిల్ల పెద్ద ఓవెనుకు వ్రాసిన లెక్కనే యిందులోనూ పెట్టింది. 180 డిగ్రీలు, ముప్పై నిమిషాలు, లోతు డబ్బాలో రెండంగుళాల మందం పిండి. తీసి చూస్తే పైన బొగ్గు, లోపల జారు. ఏడుపు మొహంతో డబ్బా చెత్తబుట్టలో బోర్లించబోతుంటే అత్తయ్యగారు కర్ర పోటు వేసుకుంటూ వచ్చి, "ఆగవే, అటు చూడనీ" అన్నారు. చెంచాతో పై పెచ్చు యెత్తి చూశారు. తరువాత యంత్రం వంక చూసి అడిగారు.

"దీని నిప్పు ఎక్కడుందే?"

"పైన, నానమ్మా."

"కిందేటీ లేదా?"

"లేదు. గాలి తిరుగుతుంది, అంతే."

"అదీ సంగతి. మూత మీద నిప్పులెక్కువైపోనాయి."

మినపరొట్టి, మీలో కొందరు దిబ్బరొట్టె అంటారు, పాతకాలంలో యెలా కాల్చేవారో పెద్దలకు గుర్తుండే వుంటుంది. అడుగు మందంగల మూకుడులో నూనె పోసి, మినప్పిండీ బియ్యపు రవ్వా కలిపిన ముద్ద దిబ్బగా వేసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు పోసేవారు. క్రింద సన్న సెగ, పైన సెగ. రెండూ కలిసి లోపలి ముద్దను వుడికించాలి. "పై నిప్పు యెక్కువయితే యేం చేసేవారు అత్తయ్యా?" అని నేనడిగాను. యేడాది తరువాత ఆవిడను వంట గురించి నేను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. "బూడిద కప్పేవోళ్ళం. నిప్పు చావదు, వుడుకు తగ్గుద్ది. పిండి కూడా అంత మందం పొయ్యకూడదు" అన్నారు.

యెయిర్ ఫ్రైయరులో బూడిద యెక్కడిది? మా అమ్మాయే ఆలోచించి ఫాయిల్ కాగితం తెచ్చింది. మరునాడు సాయంత్రం యిద్దరూ కలిసి చేశారు. వచ్చింది. అటుపైన నాలుగుసార్లు చేశాక నిలిచిన కొలతలు యివి.

ఆరంగుళాల పలచని అల్యూమినియం డబ్బా తీసుకోండి. గాజుగిన్నె, పింగాణీ గిన్నె తొందరగా వేడెక్కవు. అడుగున కాగితం పరచి వెన్న రాయండి. డబ్బాకూ బుట్ట గోడకూ నడుమ వ్రేలు పట్టే సందు వుండాలి, లేకపోతే గాలి క్రిందికి దిగదు. వెన్న నూరు గ్రాములు, తీపి తక్కువగా వుండే నల్ల చాక్లెట్టు నూరు గ్రాములు. యీ రెంటినీ గిన్నెలో వేసి, మరిగే నీళ్ళ గిన్నె మీద ఆవిరికి కరిగించాలి. నీటి బొట్టు పడితే చాక్లెట్టు బిరుసెక్కుతుంది, జాగ్రత్త. వేరే గిన్నెలో రెండు గుడ్లూ, నూట ముప్పై గ్రాముల పంచదారా, అంటే కప్పులో మూడింట రెండు వంతులు, మూడు నాలుగు నిమిషాలు రంగు తేలేదాకా గిలక్కొట్టాలి. పైన వచ్చే కాగితం పొర యీ గిలక్కొట్టడంలోనే వున్నది, బద్ధకిస్తే రాదు. యిందులో ఆరిన చాక్లెట్టు పోసి, అరకప్పు మైదా, మూడు చెంచాల కోకో పొడి, చిటికెడు వుప్పు జల్లించి వేసి, చెక్క గరిటెతో పైపైన కలపండి. మైదా కనపడకుండా పోగానే ఆపెయ్యాలి. చపాతీ పిండిలా మర్దించారా, సాగుతుంది.

డబ్బాలో పిండి అంగుళం మించకూడదు. యంత్రాన్ని 160 డిగ్రీల మీద ఐదు నిమిషాలు వుత్తగా వేడి చేసి అప్పుడు డబ్బా దింపండి. డబ్బా మూతి మీద ఫాయిల్ కప్పి, అంచుల క్రిందికి గట్టిగా మడవాలి. పంకా గాలికి ఫాయిల్ లేచి తీగకు తగిలితే ప్రమాదం. వుత్త కాగితం వేసిన బుట్టను వేడిచేయకూడదన్నదీ యిందుకే. పదిహేను నిమిషాలయ్యాక ఫాయిల్ తీసేసి మరి యెనిమిది పది నిమిషాలు వుంచండి. కొబ్బరి ఈనె నడుమ గుచ్చి తీస్తే తడి పొడి అంటుకురావాలి. జారు పిండి అంటితే యింకొంచెం వుంచాలి. యేమీ అంటకుండా శుభ్రంగా వస్తే మాత్రం ఆలస్యమైపోయినట్లే. అది బ్రౌనీ కాదు, యెండిన కేకు. బయటికి తీశాక కూడా తన వేడికి తాను గట్టిపడుతుంది కాబట్టి గంటసేపు చాకు పెట్టకండి. యీ గంటే మా యింట్లో అన్నిటికన్న కష్టమైన పని.

అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. ఆవిడ భాగానికి వేరే డబ్బాలో, గుడ్లకు బదులు అరకప్పు చిక్కటి పెరుగు, మైదా ముప్పాతిక కప్పు, పావు చెంచా వంటసోడా. పై పొర రాదు గాని లోపల మెత్తగానే వుంటుంది. అంచు ముక్క నములుతూ ఆవిడ, "రజ పండక్కి పక్కింటోళ్ళు పంపే పోడపిఠాకి కూడా అంచే రుచి" అన్నారు. నిజమే. వొడియావారు బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి ఆకులో చుట్టి, సన్న సెగమీద నిదానంగా కాల్చే ఆ పిఠాకు మాడీ మాడని అంచే ప్రాణం. యిప్పుడు మా యింట్లో నాలుగు మూలల ముక్కలకూ నలుగురం పోట్లాడుకుంటున్నాము.

కరెంటు సంగతి అడిగేవారుంటారు. మా యంత్రం 1400 వాట్లది. అరగంట ఆగకుండా కాలినా 0.7 యూనిట్టు దాటదు. గుమాస్తా చేసిన లెక్క, తప్పు వుండదు.

అప్పటి నుంచీ ఆదివారం ఆదివారం ఆ యంత్రం అత్తయ్యగారిదే. మంట లేదు, గ్యాసు లేదు, గంట కొట్టి తానే ఆరిపోతుంది. మావారు కూడా అడ్డు చెప్పలేదు. చిక్కల్లా చీటీతో వచ్చింది. కొలతలన్నీ మా అమ్మాయి కాగితం మీద వ్రాసి గోడకు అంటించింది. మాట తెలుగు, అక్షరాలు వొడియావి! ఆవిడకు వొడియా మాట్లాడడం వచ్చును గాని చదవడం రాదు. "నా మాటలు నాకే తెలీని రాతలో రాసినావేటే" అన్నారు. మూడు రాత్రులు నేను అక్షరాలు దిద్దించగా, పిల్ల మళ్ళీ తెలుగులో వ్రాసింది. "చాక్లెట్టు" లో వొత్తు యింకా తప్పే వున్నది. అత్తయ్యగారు దిద్దనివ్వలేదు.

మొన్న ఆవిడ, "దీంట్లో మినపరొట్టి వొస్తదేటి, చూద్దాం" అన్నారు. చూశాము. పైన యెర్రగా వచ్చింది, అడుగు తెల్లబోయింది. అడుగు పెచ్చు రావాలంటే నూనె కాగిన మూకుడు మంట మీద వుండాలి. ఆవిడ రొట్టి తిరగేసి చూసి, "దీనికి కింద నిప్పు కావాలమ్మా" అని, నా వంక చూడకుండా, "లైటరేదీ?" అన్నారు.

బీరువా తీసి యిచ్చాను. ఆవిడ పొయ్యి వెలిగించి మూకుడు పెట్టారు. నేను ఆ అరగంటా వంటింట్లోనే నిలబడి, యేరిన కందిపప్పే మళ్ళీ యేరాను. ఆవిడకు తెలియకపోలేదు. రొట్టి బాగా వచ్చింది, పొయ్యి కూడా ఆవిడే ఆర్పి రెండుసార్లు చూసుకున్నారు. లైటరు మాత్రం పొయ్యి ప్రక్కన పెట్టాలా, బీరువాలో పెట్టాలా తోచక, నాలుగు రోజులుగా నా ఆఫీసు సంచిలోనే తిరుగుతున్నది.