చక్రము కొలత – ఇంటి లెక్క



ఈ నెల మన శీర్షికకు ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము చేరింది. ఆయన సేద్యము చేసుకొనే విశ్వాసి. ఎకరం పొలము అమ్మి, బ్యాంకులో అప్పు చేసి కుమారుని అమెరికాకు పంపించారు. అబ్బాయికి ఉద్యోగము దొరికింది, పెండ్లి జరిగింది, దేవుడు ఒక బిడ్డను అనుగ్రహించాడు. చదువు అప్పు మాత్రం ఇంకా సగము మిగిలే ఉన్నది. ఇప్పుడు అతడు ప్రియస్ అనే కొత్త హైబ్రిడ్ కారు కొనదలచాడు. "దాని టైర్లు ఎక్కడ పడితే అక్కడ దొరకవట. స్టెప్నీ కూడా ఉండదట. వద్దురా అంటే, నీకు తెలియదులే నాన్నా అంటున్నాడు. రెండు నెలలుగా మా మధ్య సరియైన మాటలు లేవు. ఏమి చేయమంటారు?" అని ఆ తండ్రి అడుగుతున్నారు.

టైర్ల సంగతి పాస్టరుగారికెందుకు అని ఎవరైనా అనవచ్చు. కాని తండ్రీ కొడుకుల మధ్య మాట తెగిన చోట ఏ సంగతియైనా సంఘము సంగతే. ఇటువంటి బండ్లు మన దేశములోను అమ్ముచున్నారు గనుక ఇది అందరికీ పనికివచ్చే విషయము.

హైబ్రిడ్ కారు అంటే పెట్రోలు ఇంజనుతో పాటు ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీ కూడా ఉన్న కారు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచుకొంటుంది. టయోటా వారు 1997 డిసెంబరులో జపానులో ప్రియస్‌ను అమ్మకానికి తెచ్చారు. పెట్రోలు పొదుపే దీని ఉద్దేశము గనుక, నేలమీద దొర్లే టైరులో కూడా పొదుపు వెదికారు.

టైరు ప్రక్కన ఉండే అంకెలను చదవడం ముందు నేర్చుకొందాము. 2023 మోడల్ ప్రియస్‌లో ఖరీదైన రకాలకు 195/50 ఆర్ 19 అనే టైరు వచ్చింది. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే ఆ వెడల్పులో నూటికి యాభై వంతులు, అనగా 97.5 మిల్లీమీటర్లు, టైరు ప్రక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 19 అంటే లోహపు చక్రము, అనగా రిమ్ము, ఎన్ని అంగుళాలో ఆ లెక్క. వీటి తరువాత 88 హెచ్ వంటి గుర్తు ఉంటుంది. 88 అంటే ఆ టైరు 560 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగము వరకు తట్టుకోగలదని అర్థము.

ఇందులో వింత ఏమనగా, 19 అంగుళాల రిమ్ము సాధారణముగా వెడల్పు టైర్లున్న పెద్ద బండ్లకు ఉంటుంది. 195 వెడల్పు టైరు సాధారణముగా 15, 16 అంగుళాల రిమ్ములకు ఉంటుంది. ఈ రెంటినీ ఒకటి చేయడం అరుదు. దీనికి ముందు తరము ప్రియస్‌కు 195/65 ఆర్ 15 టైరు కూడా ఉండేది. అది లోకమంతటా విరివిగా దొరికే కొలత.

ఎందుకీ అరుదైన కొలత? మన ఎడ్లబండిని తలచుకొంటే తెలుస్తుంది. దాని చక్రము ఎత్తు, సన్నము. ఎత్తైన చక్రము గుంటలో దిగబడకుండా దొర్లుతుంది, ఎద్దులకు భారము తగ్గుతుంది. కారు టైరూ అంతే. చుట్టుకొలత పెద్దదైతే నేలను తాకిన చోట రబ్బరు తక్కువగా నలుగుతుంది, తేలికగా దొర్లుతుంది. సన్నగా ఉంటే ఎదురుగాలికి అడ్డము తగ్గుతుంది. బి.ఎమ్.డబ్ల్యు. వారి ఐ3 కారుకు బ్రిడ్జిస్టన్ వారు ఇదే ఆలోచనతో 155/70 ఆర్ 19 అనే ఇంకా సన్నని టైరు ప్రత్యేకముగా చేసి ఇచ్చారు.

అయితే పెద్ద చక్రమంతా పొదుపు కోసమే అనుకోకూడదు. అందులో అందము పాలు కూడా ఉన్నది. అదే 2023 ప్రియస్‌లో తక్కువ ధర రకానికి 195/60 ఆర్ 17 టైర్లు ఇచ్చారు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం, ముందు చక్రాలతో నడిచే బండ్లలో, 17 అంగుళాల చక్రాలున్నది గాలనుకు 57 మైళ్లు, 19 అంగుళాల చక్రాలున్నది 52 మైళ్లు ఇస్తాయి. మన లెక్కలో లీటరుకు సుమారు 24, 22 కిలోమీటర్లు. ఈ తేడాకు చక్రమొక్కటే కారణము కాదు, బండికి చేర్చిన హంగుల బరువు కూడా కారణమే. ఐనా పెద్ద చక్రమున్నది తక్కువ మైలేజీ ఇచ్చిందన్నది నిజము.

సహోదరుడా, ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాము. 2023లో ఆ బండి అమెరికాకు వచ్చినప్పుడు 17 అంగుళాల రకము ధర 27,450 డాలర్లు, 19 అంగుళాల వాటిలో తక్కువది 30,895 డాలర్లు. తేడా 3,445 డాలర్లు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే పెట్రోలులో తేడా సుమారు 20 గాలన్లు. గాలను మూడున్నర డాలర్లనుకొంటే 70 డాలర్లు. అది పెద్ద సొమ్ము కాదు. పెద్ద సొమ్ము మొదటి ధరలోను, టైర్లు మార్చేనాటి ఖర్చులోను ఉన్నది. ఒక కొలతను కొద్ది కంపెనీలే తయారు చేస్తే బేరానికి చోటు ఉండదు. కారు కొత్తగా వచ్చినప్పుడు 195/50 ఆర్ 19 చేసేవారు బహు కొద్దిమంది. తరువాత మరికొందరు చేయసాగారు. చలి ప్రాంతాలలో మంచుకాలానికి వేరే టైర్లు కావాలి. అప్పుడు ఖర్చు రెండింతలు.

కాబట్టి మీ భయము వట్టిది కాదు. మీ అబ్బాయి కోరిక కూడా చెడ్డది కాదు. పెట్రోలు పొదుపు చేసే బండి కొనడం బుద్ధిగల పనే. ఆ బండే కొనమనండి. 17 అంగుళాల చక్రాలున్న రకము కొని, మిగిలిన డాలర్లు చదువు అప్పుకు కట్టమనండి. "కొనవద్దు" అన్న మాటకంటె "ఏ రకము కొంటావు నాయనా?" అన్న ప్రశ్న అతని చెవికి త్వరగా చేరుతుంది.

మన దేశములో కొనేవారు కూడా గమనించండి. ఇక్కడ హైబ్రిడ్లన్నిటికీ అరుదైన టైర్లు ఉండవు. టయోటా హైరైడర్‌కు 215/60 ఆర్ 17 వస్తుంది. అదే కొలత హ్యుందాయ్ క్రెటాకు కూడా ఉన్నది గనుక అంత కష్టము లేదు. ఇన్నోవా హైక్రాస్‌లో ఖరీదైన హైబ్రిడ్ రకానికి 225/50 ఆర్ 18 ఉన్నది. అప్పు చేసి బాడుగకు త్రిప్పుకొనే సహోదరులకు ఇది ముఖ్యము. టైరు కోసం బండి మూడు రోజులు ఆగితే మూడు రోజుల కూలి ఆగినట్టే. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

కొనేముందు నాలుగు పనులు చేయండి.

మొదటిది, డ్రైవరు తలుపు తెరిస్తే అంచున టైరు కొలత, గాలి లెక్క వ్రాసిన చీటీ ఉంటుంది. ఆ అంకెలు వ్రాసుకొని మీ ఊరికి దగ్గరి టైర్ల దుకాణములో చూపించి, ఉన్నదా, ఎన్ని రోజులకు తెప్పిస్తారు, ధర ఎంత అని అడగండి.

రెండవది, డిక్కీ తెరిచి స్టెప్నీ ఉన్నదో లేదో చూడండి. బరువు తగ్గించుటకు, బ్యాటరీకి చోటు కొరకు చాలా హైబ్రిడ్లలో స్టెప్నీ తీసివేసి, గాలి పంపు, రంధ్రము మూసే మందు ఇస్తున్నారు. మన దేశములో కూడా 2020లో ప్రభుత్వము ఇందుకు అనుమతి ఇచ్చింది. టైరు గాలిని కనిపెట్టే ఏర్పాటు, పంక్చరు మందు ఉంటే చిన్న బండ్లకు స్టెప్నీ లేకపోయినా చెల్లుతుంది. ఆ మందు మేకు గుచ్చిన చిన్న రంధ్రానికే పనిచేస్తుంది. టైరు ప్రక్కగోడ చీలితే పనిచేయదు.

మూడవది, దొరకలేదని ఏదో ఒక కొలత తొడిగించవద్దు. 195/50 ఆర్ 19 మొత్తము ఎత్తు సుమారు 678 మిల్లీమీటర్లు, 195/65 ఆర్ 15 ఎత్తు 634. ఇంత తేడా ఉంటే మీటరు 100 చూపినప్పుడు బండి 94 దగ్గరే ఉంటుంది. బ్రేకులను అదుపుచేసే యంత్రము కూడా చక్రాల వేగము లెక్కతోనే నడుస్తుంది. బరువు మోసే అంకె ఎన్నడూ తగ్గకూడదు. కంపెనీ ఆ బండికి ఆమోదించిన కొలతలే వేయించండి.

నాలుగవది, గాలి. నెలకొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ప్రక్కగోడ పొట్టిగా ఉన్న టైరుకు గుంటల దెబ్బ త్వరగా తగులుతుంది.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవలెనని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో బోధించెను. పునాది వేసి ముగింపలేనివానిని చూచి లోకము నవ్వుతుంది. ఆ ఉపమానము శిష్యత్వమును గూర్చినదే. కాని లెక్క చూచుకొనే అలవాటు ఇంటిలో లేనివాడు ఆత్మ సంబంధమైన లెక్క ఏలాగు చూచును? మత్తయి 25వ అధ్యాయములో బుద్ధిగల కన్యకలు దివిటీలతో పాటు సిద్దెలలో నూనె కూడా తీసికొనిపోయిరి. బుద్ధిలేనివారి దివిటీలు కూడా మొదట వెలిగినవే. అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడే తేడా బయటపడినది. మన బండ్లకును, మన ఆత్మలకును పరీక్ష వచ్చేది అటువంటి వేళనే.

ప్రియ తలిదండ్రులారా, దూరదేశములో ఉన్న మీ బిడ్డలకు సలహా చెప్పేముందు వారి సంగతి కొంత తెలిసికొని మాట్లాడండి. ప్రియ యౌవనులారా, మీ తండ్రికి రిమ్ము కొలత తెలియకపోవచ్చును గాని, అప్పు బరువు ఎంతో ఆయనకు బాగుగా తెలుసు. ఆయన మాట త్రోసివేయకుడి. ఈ వారము కుటుంబ ప్రార్థనలో మీ ఇంటి అప్పులను, రాబోవు ఖర్చులను పేరు పేరున ప్రభువు సన్నిధిని పెట్టండి. ఆయన మీకు వివేకమును, ఒకే మనస్సును దయచేసి, మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.