కామా పెట్టి తప్పించుకోకండి

"అర్థమయింది కదా, మళ్ళీ ఈ గ్రామర్ గోలేంటి?"

ఆఫీసు మెయిల్లో రెండు వాక్యాల్ని కామాతో అతికించారని ఎవరితోనైనా చెప్పి చూడండి. దాదాపు అందరూ ఇదే అంటారు. నేనూ చాలా ఏళ్ళు ఇదే అన్నాను. కోడ్ పనిచేస్తే చాలు, ఇంగ్లీషు ఎవడిక్కావాలి అనుకునే బాపతు. ఇప్పుడు అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో రాద్దామనే ఈ టపా. (ముందుగా ఒక మనవి. ఇక్కడ రోమన్ లిపి రానివ్వను కాబట్టి ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగక్షరాల్లోనే ఉంటాయి. కాస్త ఓపిగ్గా కూడబలుక్కోండి :-))

కొన్నేళ్ళ క్రితం, ఒక శనివారం రాత్రి రిలీజు. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు డ్యూటీలో ఉన్నాడు. రెండున్నరకి నాకు ఫోన్ చేసి, "జాబ్ ఆపితే టేబుల్ లాక్ అయిపోయింది అన్నా" అన్నాడు. సరే, అవతలి టీముకి మెయిల్ కొట్టమన్నాను. కొట్టాడు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది:

"వి స్టాప్డ్ ద జాబ్, ద టేబుల్ వజ్ లాక్డ్."

నేను దాన్ని నిద్రమత్తులో చూసి, పైన "ప్లీజ్ టేక్ కేర్" అని ఒక ముక్క తగిలించి ఫార్వర్డ్ చేసి పడుకున్నాను.

అవతలివాళ్ళు ఏమని చదివారు? టేబుల్ లాక్ అయి ఉంది, అందుకని వీళ్ళు జాబ్ ఆపేశారు. అంటే లాక్ పెట్టింది ఇంకెవరో. ఆ ఇంకెవరో ఎవరా అని వెతికితే, అదే టేబుల్ దగ్గర బిల్లింగ్ ప్రాసెస్ ఒకటి వేలాడుతూ కనిపించింది. చంపేశారు. నిజానికి అది పాపం లాక్ ఎప్పుడు వదులుతుందా అని వరసలో నించుని ఉంది. లాక్ పట్టుకుని కూర్చున్నది మేం మధ్యలో ఆపేసిన జాబే. పెద్ద ట్రాన్సాక్షన్‌ని సగంలో చంపితే చేసిందంతా వెనక్కి తిప్పుకోవాలి, అది పూర్తయ్యేదాకా లాక్ వదలదు. ఈ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి సగం ఇన్వాయిస్‌లు వెళ్ళాయి, సగం వెళ్ళలేదు. ఏవి వెళ్ళాయో తేల్చడానికి రెండ్రోజులు పట్టింది.

ఏ సెషన్ దేన్ని ఆపుతోందో చూసుకోకుండా చంపడం వాళ్ళ తప్పు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళని ఆ దారిలోకి పంపింది మాత్రం మా కామా.

ఆ వాక్యాన్ని ఇంకోసారి చూడండి. దానికి మూడు అర్థాలున్నాయి. టేబుల్ లాక్ అయి ఉంది కాబట్టి జాబ్ ఆపాం. జాబ్ ఆపితే టేబుల్ లాక్ అయింది. జాబ్ ఆపినా టేబుల్ ఇంకా లాక్‌లోనే ఉంది. మొదటిది నిజమైతే లాక్ పెట్టినవాడిని వెతకాలి. రెండోది నిజమైతే దేన్నీ ముట్టుకోకుండా ఆగాలి. మూడోది నిజమైతే దోషి మా జాబ్ కాదు, విచారణ మళ్ళీ మొదట్నుంచి. అర్థమయింది కదా అంటారేంటండీ బాబూ, ఏ అర్థం?

ఇప్పుడు చిన్న పాఠం, త్వరగా ముగిస్తాను. తన కర్త, తన క్రియ ఉండి, చివర ఫుల్‌స్టాప్ పెడితే సొంతకాళ్ళ మీద నిలబడే ముక్క ఒక పూర్తి వాక్యం. అలాంటివి రెండింటిని ఉత్త కామాతో కలిపితే కామా స్ప్లైస్. ఆ కామా కూడా లేకుండా గుద్దేస్తే రన్-ఆన్. పొడుగుకీ దీనికీ సంబంధం లేదు. "ఇట్ ఫెయిల్డ్ వి లెఫ్ట్" నాలుగు మాటలే, అయినా రన్-ఆనే. యాభై మాటల వాక్యం శుభ్రంగా ఉండొచ్చు. పరీక్ష కూడా తేలికే: కామా ఉన్నచోట ఫుల్‌స్టాప్ పెట్టి రెండు ముక్కలూ విడివిడిగా చదవండి. రెండూ నిలబడితే అక్కడ కామా సరిపోదు.

మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఏదంటే, "ఐ హ్యావ్ అటాచ్డ్ ద లాగ్, ప్లీజ్ చెక్." ప్లీజ్ చెక్ కూడా పూర్తి వాక్యమే, అందులో 'మీరు' అనే కర్త దాక్కుని ఉంటాడు. దీనివల్ల కొంపలేం మునగవు, ఫుల్‌స్టాప్ పెడితే పోతుంది. ఇంకోటి హవెవర్. "ద బిల్డ్ పాస్డ్, హవెవర్ ద టెస్ట్స్ ఫెయిల్డ్" అని రాస్తాం. బట్ చేసే పని హవెవర్ చెయ్యలేదు. అర్థం ఒకటే అయినా బట్ రెండు వాక్యాల్ని కలపగలదు, హవెవర్ కలపలేదు. దాని ముందు ఫుల్‌స్టాపో సెమికోలనో కావాలి. దేర్‌ఫోర్, దెన్ కూడా అదే జాతి.

వ్యాకరణ పోలీసులకి కూడా నాలుగు మాటలు చెప్పాలి. కామా తప్పు కనపడగానే "చదువుకున్నవాడు ఇలా రాస్తాడా" అని వెక్కిరించే బ్యాచ్ ఒకటుంది. నేను ఆ బ్యాచ్ కాదు. జర్మన్‌లో, రష్యన్‌లో రెండు పూర్తి వాక్యాల్ని కామాతో కలపడం తప్పే కాదు. ఇంగ్లీషులో కూడా స్ట్రంక్ 1918 నాటి 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్'లో ఇలా కలపొద్దని 5వ నియమం పెడుతూనే, మరీ పొట్టిగా ఒకే అచ్చులో ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చాడు. ఇది ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు, బుద్ధికి కొలబద్ద కాదు. అన్నట్టు, కామా గురించి మాట్లాడితే చాలు అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు పాల కంపెనీ కేసు ఫార్వర్డ్ చేస్తారు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు తీర్పిచ్చింది, 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది, అదే. దయచేసి ఇక పంపకండి. అది జాబితాలో కామా లేకపోవడం గురించి. మన జబ్బు వేరు.

మన జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు తట్టింది ఇదీ. ఇంగ్లీషు రాక కాదు, తెలుగు బాగా వచ్చి. స్కూల్లో అసమాపక క్రియలు చదువుకున్నాం, గుర్తుందా? క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం. రెండు మార్కుల కోసం బట్టీపట్టి వదిలేశాం. అవేం చేస్తాయంటే, ఒక పనికీ ఇంకో పనికీ ఉన్న సంబంధాన్ని క్రియ తోకలోనే చెప్పేస్తాయి. ఆపి, ఆపుతూ, ఆపితే, ఆపినా. తోక మారితే కథే మారుతుంది. తెలుగులో సంబంధం చెప్పే భారం కామా మీద ఎప్పుడూ లేదు. తాళపత్రాల్లో అసలు కామానే లేదు, అది అచ్చుతో పాటు వచ్చిన చుట్టం. అదే మనిషి ఇంగ్లీషులోకి దిగేసరికి తోకలన్నీ కోసేసి, కోసినచోట ఒక్కో కామా పెడతాడు. "లాగ్ చూసి, సర్వర్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టాం" అన్నది "వి చెక్డ్ ద లాగ్, వి స్టాప్డ్ ద సర్వర్, వి స్టార్టెడ్ ఇట్ అగైన్" అయి కూర్చుంటుంది.

మా కుర్రాణ్ణే చూడండి. ఫోన్లో "ఆపితే" అన్నాడు. ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా, సరిగ్గా జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాడికి విషయం తెలుసు, చెప్పడం కూడా తెలుసు. ఆ 'తే' ఒక్కటీ ఇంగ్లీషు మెయిల్లోకి ఎక్కలేదు.

కాబట్టి నేను చేసే వైద్యం ఇది. అనుమానంగా ఉన్న వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. ఎవరూ వినరు, సిగ్గుపడక్కర్లేదు. తోక చూడండి. 'చేసి' అయితే ఆఫ్టర్, లేకపోతే ఒకే కర్త పెట్టి చివర అండ్. 'చేస్తే' జరిగిపోయినదాని గురించైతే వెన్, జరగబోయేదైతే ఇఫ్. 'చేసినా' అయితే ఆల్దో, ఈవెన్ దో. 'కాబట్టి' అయితే సో, లేదా ముక్కల్ని తిరగేసి బికాజ్. 'గానీ' అయితే బట్. ఈపాటి పట్టికతో నా మెయిళ్ళలో చాలా కామాలు ఊడిపోయాయి. ఎక్కడైనా ఏ తోకా తట్టకపోతే ఆ రెంటికీ సంబంధం లేదన్నమాట. విడివిడిగా రాసెయ్యండి.

ఇక్కడొక మెలిక ఉంది. గ్రామర్ పుస్తకం చెప్పినట్టు కామా తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టాం అనుకోండి. "వి స్టాప్డ్ ద జాబ్. ద టేబుల్ వజ్ లాక్డ్." పరీక్షలో ఫుల్ మార్కులు. ఆ మూడు అర్థాలూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి! సెమికోలన్ పెట్టినా అంతే. లైను చివర సెమికోలన్ కొట్టీ కొట్టీ మనకి దాని మీద మమకారం ఎక్కువ గానీ, ఇంగ్లీషులో అది చెప్పేదల్లా "ఈ రెంటికీ ఏదో సంబంధం ఉంది" అని. ఏ సంబంధమో చెప్పదు. నవలలో బావుంటుంది. ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి రాసే మెయిల్లో అది ఇస్త్రీ చొక్కా వేసుకున్న కామా, అంతే.

"ఇప్పుడివన్నీ ఎందుకు బాస్, ఏఐకి ఇస్తే సరిచేసి పెడుతుంది" అని మొన్న ఒక మిత్రుడన్నాడు. ఇచ్చి చూశాను, ఆ పాత వాక్యాన్నే. చక్కగా సరిచేసింది: "వి స్టాప్డ్ ద జాబ్ బికాజ్ ద టేబుల్ వజ్ లాక్డ్." వ్యాకరణం మచ్చలేనిది. విషయం శుద్ధ తప్పు. దాని తప్పు కూడా కాదు, రాత్రి రెండున్నరకి ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది? మామూలుగా ఏది జరుగుతుందో అది ఊహించింది. అవతలివాళ్ళు చేసింది కూడా సరిగ్గా అదే. కామా ఉన్న వాక్యాన్ని చూసి కనీసం ఒక అనుమానప్పక్షి "అంటే ఏంటి?" అని తిరుగు మెయిల్ రాసే అవకాశం ఉంది. ఈ నున్నటి వాక్యాన్ని చూసి ఎవడూ అడగడు.

ఇంతవరకూ తెలీక పెట్టిన కామాల గురించి. తెలిసి పెట్టేవి వేరే ఉన్నాయి, నా అసలు కోపం వాటి మీద. "వి అప్లైడ్ ద ప్యాచ్, ద ఎర్రర్ ఈజ్ గాన్." ప్యాచ్ వల్ల పోయిందా? రాసినవాడిని నిలదీస్తే "అలా అని నేను అనలేదే" అంటాడు. అనలేదు నిజమే, కానీ క్రెడిట్ మాత్రం ప్యాచ్ ఖాతాలో పడింది. మూడు రోజుల తర్వాత అదే ఎర్రర్ మళ్ళీ వస్తే ఆ కామా వెనక్కి వెళ్ళి దాక్కోవచ్చు. "ద ఎర్రర్ స్టాప్డ్ ఆఫ్టర్ ద ప్యాచ్. వి డు నాట్ యెట్ నో వై." అని రాయడానికి ఏం అడ్డం? చిన్నతనం అనిపిస్తుంది, అంతే. పైవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కువ. "ద క్లయింట్ ఛేంజ్డ్ ద స్కోప్, ద టీమ్ మిస్డ్ ద డేట్." స్కోప్ మారింది కాబట్టి డేట్ తప్పిందా, లేక స్కోప్ వాళ్ళు మార్చారు, డేట్ మీరు తప్పారు అని రెండు వేర్వేరు నేరాలా? క్లయింట్ చదివితే ఒకలాగ, టీము చదివితే ఇంకోలాగ ఉండాలనే ఆ కామా. సీ భాషలో కామా ఆపరేటర్ గుర్తుందిగా, ఎడమవైపుది లెక్కకట్టి పారేసి కుడివైపు విలువే మిగులుస్తుంది. సంవత్సరాఖరుకి ఈ వాక్యంలో కూడా "ద టీమ్ మిస్డ్ ద డేట్" ఒక్కటే మిగులుతుంది.

మా కుర్రాడికి ఆ ఏడాది అప్రైజల్లో "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి" అని వచ్చింది. ఏ వాక్యం గురించో ఎవరూ చెప్పలేదు. రెండ్రోజుల సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగుకి పంపారు. అక్కడ చెయ్యి ఎంత గట్టిగా కలపాలో, 'వి'కీ 'డబ్ల్యూ'కీ పెదాలు ఎలా పెట్టాలో, కళ్ళలోకి ఎంతసేపు చూడాలో నేర్పారట. ఒక వాక్యం ఎక్కడ ముగుస్తుందో ఎవరూ నేర్పలేదు. వచ్చి నాతో "నాకు ఇంగ్లీష్ రాదన్నా" అన్నాడు, చాలా చిన్నబుచ్చుకుని. వాడికి వచ్చు. రాత్రి పూట, కంగారులో, ఎవరూ నేర్పని ఒక్క విషయం దగ్గర జారాడు.

తర్వాత ఓ రోజు ఇద్దరం కూచుని ఆ పాత మెయిల్ తీసి తిరగరాశాం. "వి కిల్డ్ ద జాబ్ ఎట్ 2:10. ఇట్ ఈజ్ స్టిల్ రోలింగ్ బ్యాక్, సో ద టేబుల్ విల్ స్టే లాక్డ్ అంటిల్ ఇట్ ఫినిషెస్. డు నాట్ కిల్ ఎనీ అదర్ సెషన్." మూడు వాక్యాలు. మధ్యలో ఒక కామా కూడా ఉంది, పక్కనే సో ఉంది కాబట్టి దానికి ఉద్యోగం ఉంది. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మేనేజర్లకి ఒకటే అడుగుతున్నాను. ఈసారి అప్రైజల్లో కమ్యూనికేషన్ గడి నింపేముందు, ఏ మెయిల్లో ఏ వాక్యమో దాన్ని అక్కడ అతికించండి, ఎలా ఉండాల్సిందో పక్కన రాయండి. ఆ కుర్రాడి ఫారం మీద ఆ ముక్క రాసింది నేనే. నేను అతికించలేదు. ఫార్వర్డ్ చేసింది కూడా నేనేనని ఎక్కడా రాయలేదు.