టీవీ ముందు మన మాట

2024 జూలై 26, రాత్రి 11 గంటలు. పారిస్‌లో సెన్ నది మీద ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. గ్రీస్ తర్వాత శరణార్థుల జట్టు పడవ వచ్చింది. ‘‘వీళ్లది ఏ దేశం?’’ అని ఏడో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది. ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘‘తర్వాత చెప్తా’’ అన్నాను.

సింధు, శరత్ కమల్ జెండాతో కనిపించగానే చప్పట్లు కొట్టాం. ఆ వెంటనే ఫ్యామిలీ గ్రూపులో చీర బాగాలేదంటూ మెసేజ్‌లు. నేనూ ఒకటి పెట్టాను.

మర్నాడు మా అమ్మాయి స్నేహితులకు చెప్పింది చీర గురించే! యుద్ధాలూ వేధింపులూ తట్టుకోలేక దేశం విడిచిన ఆ 37 మంది క్రీడాకారుల గురించి చెప్పడానికి నాకు రెండు నిమిషాలు చాలు.

మన వెక్కిరింపు మనకు సరదా, పిల్లలకు పాఠం. ఈసారి టీవీ ముందు ఫోన్ పక్కన పెట్టి, అట్లాసు తెరిచి కూర్చుందాం.