టిక్ టిక్ అంటోంది... ఇంజిన్ దించాలా?

పాత కారు ఉన్న ఇంట్లో అందరి చెవులూ కాస్త ఎక్కువే పనిచేస్తాయి. పాటలు కట్టేసి మరీ ఇంజిన్ వింటాం. ఈ శబ్దం ఇవాళ కొత్తగా వచ్చిందా, లేక ఎప్పట్నుంచో ఉన్నదాన్ని ఇవాళే విన్నామా? ఈ తేడా తేలకముందే భయపడి వేలకు వేలు ఖర్చు పెట్టేవాళ్లు ఎంతమందో!

మా బావది నరసరావుపేట. ఆయన దగ్గర 2002 నాటి హోండా సిటీ వీటెక్ ఉంది. 2000లో మన మార్కెట్లోకి వచ్చి, 2003లో కొత్త సిటీ రావడంతో ఆగిపోయిన మోడల్ అది. లీటరున్నర ఇంజిన్, 106 హార్స్‌పవర్. పైకి బుద్ధిమంతుడిలా కనిపించే సెడానే గానీ, ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి అందిన స్పోర్ట్స్ కారు అదే. కొన్నది మా మావయ్య. ఆయన పోయాక కూడా బావ దాన్ని అమ్మలేదు. 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యూవల్ చేయించుకుంటూ లాక్కొస్తున్నాడు.

మొన్నామధ్య ఆ కారు టిక్ టిక్ అనడం మొదలుపెట్టింది. ఒక మెకానిక్ "ఇంజిన్ దించాలి, 65 వేలవుద్ది" అన్నాడు. ఇంకొకాయన "20డబ్ల్యూ-50 పోసెయ్, శబ్దం పోద్ది" అన్నాడు. ఇంట్లోవాళ్లు "తుక్కుకిచ్చెయ్" అన్నారు. బావ నాకు ఫోన్ చేశాడు.

"ఏంది బామ్మర్దీ, ఇంజినీరింగ్ చదివావు గదా, చెప్పు."

"నేను చదివింది కంప్యూటర్లు బావా!"

అయినా ఆఫీసులో రోజూ చేసే పని ఇక్కడా పనికొచ్చింది. ప్రోగ్రామ్‌లో తప్పు వస్తే ముందు కోడ్ మార్చం. అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అని చూస్తాం. ఇంజిన్ శబ్దానికీ ఇదే సూత్రం. ఎంత గట్టిగా వస్తోందన్నది రెండో ప్రశ్న. ఎప్పుడు మారుతోందన్నదే మొదటి ప్రశ్న.

ఒకే టిక్ టిక్, రెండు కారణాలు

నాతోపాటు చదివిన ఫ్రెండ్ ఒకడు డాలస్‌లో ఉంటాడు. వాడి దగ్గర 1994 నాటి మాజ్డా మియాటా ఉంది. రెండు సీట్లు, ఓపెన్ టాప్, అసలు సిసలు స్పోర్ట్స్ కారు. అదీ పొద్దున్నే టిక్ టిక్ అంటుంది. ఫోన్లో రెండు వీడియోలూ పక్కపక్కన వింటే తేడా తెలియదు. కానీ జబ్బులు వేరు.

ఇంజిన్ పైభాగంలో వాల్వుల్ని తెరిచే చోట చిన్న ఖాళీ సర్దాల్సి ఉంటుంది. ఆ మియాటాలో ఈ పని ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ అడ్జస్టర్లు చేస్తాయి. వాటిలోకి ఆయిల్ సరిగా చేరకపోయినా, మడ్డి పట్టినా టిక్ టిక్ వస్తుంది. వాడు మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ కొత్త ఆయిల్ పోసి, హైవే మీద అరగంట తిప్పాడు. శబ్దం పోయింది.

సిటీ వీటెక్‌లో ఆ ఖాళీని స్క్రూ తిప్పి, ఫీలర్ గేజ్ పెట్టి చేత్తో సర్దాలి. మనవాళ్లు 'టాపెట్ సెట్టింగ్' అనేది దీన్నే. అక్కడ ఖాళీ పెరిగితే ఏ ఆయిల్ పోసినా తగ్గదు. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం కాస్త మెత్తబడొచ్చు. ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఆయిల్ షాపుకి వెళ్లేముందు మీ ఇంజిన్‌లో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి.

కొండే టెస్ట్ ట్రాక్

బావకి ఒక ఆదివారం పొద్దున కోటప్పకొండ ప్రోగ్రామ్ పెట్టాను. త్రికోటేశ్వరుడి దర్శనం ఎలాగూ అవుతుంది. దాంతోపాటు ఇంజిన్‌కి ఇంతకంటే మంచి పరీక్ష ఇంకోటి లేదు. శివరాత్రి రోజుల్లో మాత్రం వద్దు. ప్రభలు, వాటి జనరేటర్లు, మైకుల హోరులో మన ఇంజిన్ గొంతు మనకే వినపడదు.

రాత్రంతా ఆగిన బండిని ఇంటి దగ్గర స్టార్ట్ చేశాం. మొదటి ఒకటి రెండు సెకన్లు గలగలమంటే కంగారొద్దు. కిందికి దిగిన ఆయిల్ మళ్లీ పైకి ఎక్కుతోంది. అంతకంటే ఎక్కువసేపు సాగితే ఆయిల్ లెవెల్, ఫిల్టర్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గిపోయే శబ్దాలు రెండున్నాయి. ఒకటి అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకి తగలడం. ఇంకోటి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుపోతుంది. దీన్ని టాపెట్ శబ్దమనుకునేవాళ్లు చాలామంది.

పేట నుంచి కొండకి సుమారు 12 కిలోమీటర్లు. ఇదీ కలిసొచ్చింది. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. ముల్లు చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ ఇంకాసేపు తీసుకుంటుంది. కొండ కిందికి చేరేసరికి రెండూ వేడెక్కాయి.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద లోడ్ పడుతుంది. అప్పుడు రెండు శబ్దాల కోసం వినాలి. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వచ్చి, కాలు తీయగానే పోతే అది పెట్రోలు వేళకాని వేళ మండటం. పెట్రోలు, టైమింగ్, లోపలి కార్బన్ చూసుకోవాలి. దానికీ ఆయిల్ గ్రేడ్‌కీ సంబంధం లేదు. రెండోది, ఇంజిన్ కింది భాగం నుంచి ధడ్ ధడ్ అని బరువుగా వచ్చి, వేడెక్కేకొద్దీ, రేస్ చేసేకొద్దీ పెరిగే శబ్దం. అది బేరింగ్‌ది కావచ్చు. అది వినిపించినా, ఆయిల్ లైట్ వెలిగినా అక్కడే ఆపేయాలి. ఆ లైట్ వెలిగేది ఆయిల్ ఒత్తిడి బాగా పడిపోయాకే. "ఇంటిదాకా పోదాం" అంటే 65 వేలు నిజంగానే అవుతాయి.

కొండ దిగేటప్పుడు గేర్‌లోనే ఉంచి, కాలు తీసేసి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కమన్నాను. నేను వెనక అద్దంలో చూస్తున్నా. గుప్పున నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లో రింగులో ఆయిల్ తాగుతున్నట్టు.

బావ కారులో ఇవేవీ రాలేదు. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఎక్కినా దిగినా అదే టిక్ టిక్. ఆర్పీఎంతో పాటు వేగం పెరుగుతోంది, బరువు మాత్రం పెరగట్లేదు. క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. 800 ఆర్పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు టిక్కులు. ఇక్కడ వినిపిస్తున్నదీ దాదాపు ఆ లెక్కే.

చిక్కటి ఆయిల్ మీద ఇంత ప్రేమ ఎందుకు?

మన ప్రాంతంలో ఎవర్నడిగినా ఒకటే మాట: "రెంటచింతల ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు." వినడానికి బాగుంది. కానీ ఆయిల్ డబ్బా మీద 30, 40, 50 అనే రెండో అంకె బయటి ఎండకి సంబంధించింది కాదు. 100 డిగ్రీల వేడిలో ఆ ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడ్ అది. బయట 45 డిగ్రీలున్నా, లోపల ఆయిల్ పనిచేసేది దాదాపు 100 దగ్గరే. అక్కడ ఇంజిన్ ఏ గ్రేడ్‌కి తయారైందన్నదే లెక్క. డబ్ల్యూ ముందుండే అంకె చలిలో స్టార్టింగ్ కోసం. మన చలికి 5 అయినా 10 అయినా పెద్ద తేడా ఉండదు.

అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే పైభాగానికి చేరడం ఆలస్యమవుతుంది. మైలేజీ కొంత తగ్గుతుంది. పైగా వీటెక్‌కి ఆయిల్ చుట్టం లాంటిది కాదు, చెయ్యి లాంటిది. పై ఆర్పీఎంలో రాకర్లని కలిపి లాక్ చేసే పిన్నుల్ని నెట్టేది ఆయిల్ ఒత్తిడే. అప్పుడు ఇంజిన్ గొంతు మారుతుంది. ఆ మార్పు జబ్బు కాదు, ఆ కారు కొన్నదే దానికోసం!

అలాగని చిక్కటి ఆయిల్ పాపమేం కాదు. పాత మాన్యువల్స్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు ఇచ్చే పట్టిక తరచూ ఉంటుంది. బండి నిజంగా ఆయిల్ తాగుతుంటే ఆ పట్టికలోనే ఒక మెట్టు పైకి, 30 నుంచి 40కి వెళ్లొచ్చు. పట్టిక దాటి 50కి దూకొద్దు. ఏపీఐ గుర్తులో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు బండ్లకి. ఇంట్లో ట్రాక్టర్ కోసం తెచ్చిన డీజిల్ ఆయిల్, బైక్ కోసం తెచ్చిన ఆయిల్ ఉన్నాయి కదా అని పోసేయకండి. లెవెల్ చూసేటప్పుడు బండి చదునైన చోట ఉండాలి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు కావాలి. ఘాట్ రోడ్డు వాలులో చూస్తే డిప్‌స్టిక్ కూడా అబద్ధం చెప్తుంది.

చప్పుడు చేయనిదే ప్రమాదం

చివరికి పేటలోనే ఒక పెద్దాయన, మెకానిక్, ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక కవర్ విప్పారు. రెండు వాల్వుల దగ్గర ఖాళీ ఎక్కువైంది. సర్ది, కొత్త గాస్కెట్ వేసి, మాన్యువల్ ప్రకారం ఆయిల్, ఫిల్టర్ మార్చారు. అన్నీ కలిపి ఐదు వేల లోపే. ఆ తర్వాత కూడా సన్నగా టిక్ వినిపిస్తూనే ఉంది. "ఇంకాస్త బిగించండి, పూర్తిగా పోద్ది" అన్నాడు బావ. ఆయన ఒప్పుకోలేదు. "కొంచెం అరవనీ బాబూ. అరిచే టాపెట్టు మంచిది."

అందులో పెద్ద ఇంజినీరింగ్ ఉంది. ఖాళీ మరీ తగ్గితే శబ్దం రాదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నప్పుడే తన వేడిని సీటుకి వదిలేస్తుంది. ఆ కాస్త ఆనింపు లేకపోతే మెల్లగా కాలిపోతుంది. టైమింగ్ బెల్టూ అంతే. చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండానే తెగుతుంది. దాన్ని చెవితో కాదు, కిలోమీటర్లు, ఏళ్ల లెక్కతో మార్చాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే ఇవాళే ఒక పని చేయండి. అది బాగున్నప్పుడే దాని గొంతు రికార్డ్ చేసి పెట్టుకోండి. ఒకే చోట, ఒకే దూరంలో ఫోన్ పెట్టి, చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వేడెక్కాక ఒకటి. ఆర్పీఎం మీటర్ కూడా వీడియో తీయండి. ఫోన్ మైకు చిన్న శబ్దాన్ని తనంతట తనే పెంచేస్తుంది కాబట్టి, ఇంకొకరి రీల్‌తో పోలిస్తే మంచి ఇంజిన్ కూడా పాడైనట్టే వినిపిస్తుంది. మీ బండిని మీ బండితోనే పోల్చండి. "ఇంజిన్ దించాలి" అని ఎవరైనా అంటే, ఏ శబ్దం, ఎప్పుడు వస్తోంది, దేన్ని చూసి అంటున్నారు అని అడగండి. ఈ మూడింటికీ జవాబు వచ్చాకే జేబులో చెయ్యి పెట్టండి.